వరిగడ్డిలో గాజు రాజు

"ఆ పెట్టెలో గాలి ఆడతాదా?" అంది వరహాలు.

అప్పటికింకా ఆ పెట్టె ఎలా ఉంటుందో ఆమె చూడనే లేదు. విజయనగరం నుంచి విశాఖ వెళ్ళే బస్సులో, కూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడ బయటపెడుతుందో అని కిటికీ తలుపు బిగించేసి మరీ అడిగింది.

"ముందు ఈ కిటికీ తియ్యవే అమ్మా. ఇక్కడ ఆడటం లేదు గాలి," అంది తవిటి.

ముందు సీట్లో కూర్చున్న అప్పలసూరి వెనక్కి తిరిగి నవ్వాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి దిగిన మనిషి. ప్రయాణాల్లో ఆయనకి భయాలుండవు. "మీ అమ్మ భయపడని వస్తువేదైనా మిగిలుంటే చెప్పు తవిటీ. దానికి నాను భయపడి పుణ్యం కట్టుకుంటాను."

తండ్రీ కూతుళ్ళు నవ్వుకున్నారు. అడిగినదానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. తవిటికి ముందు ఇద్దరు పోయారు వరహాలుకి. ఒకడు పుట్టిన పూటే. రెండోది పదకొండు నెలలు బతికి, అడుగులు వేసేదాకా వచ్చి పోయింది. మూడోది పుట్టగానే అత్తగారు బిడ్డను చేటలో పడుకోబెట్టి పక్కింటి వాళ్ళకి ఇచ్చేసింది. మళ్ళీ కుంచెడు తవుడు పోసి వెనక్కి కొనుక్కున్నారు. తవుడుకి కొన్న పిల్ల ఎవరికి కావాలి, మృత్యువు కూడా మొహం తిప్పుకుని పోతుందని నమ్మకం. అందుకే తవిటమ్మ. మృత్యువు మొహం తిప్పుకుందో లేదో గానీ వరహాలు మాత్రం ఇరవై నాలుగేళ్ళుగా ఆ పిల్ల మీంచి చూపు తిప్పుకోలేదు.

గంటస్తంభం దగ్గర వాళ్ళది గాజుల కొట్టు. ఉత్తరాది నుంచి గాజులు ఎండుగడ్డి కుక్కిన పెట్టెల్లో వస్తాయి. ఎంత బిగువు చేతికైనా బొటనవేలు లోపలికి మడిచి, అరచెయ్యి నొక్కి, మాటల్లో పెట్టి గాజు ఎక్కించడంలో వరహాలుని మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. ఆమె చేతిలో ఒక్క గాజూ చిట్లలేదని పేరు. పిల్లనీ అలాగే పెంచింది. ఉయ్యాల ఎక్కనివ్వలేదు, సైకిలు తొక్కనివ్వలేదు, సముద్రంలో పాదం తడవనివ్వలేదు. "పడతావే, పగులుతావే" అన్నది ఆ ఇంట్లో గడియారం చప్పుడు లాంటిది. ఎవరికీ వినిపించేది కాదు, ఎప్పుడూ ఆగేది కాదు.

అటువంటి పిల్ల పెద్ద చదువు చదివి, మనసు జబ్బుల మీద ఏదో పరిశోధనంటూ, ఇప్పుడు తనే ఒక పెట్టెలో నలభైరెండు రోజులు పడుకుంటానని సంతకం పెట్టి వచ్చింది.

"ఏటి కొరవైందే నీకు?" అని ఇంట్లో ఏడిస్తే, "కొరవేం లేదమ్మా. ఒక్కసారి నాది కాని బతుకు చూసొస్తాను. అదీ రాజు బతుకు. రాజుని ఎవరు కొడతారు చెప్పు?" అంది.

"రాజులకే కదే కత్తి పోట్లు!"

*

పరిశోధనశాల సముద్రం కనిపించే కొండ మీద ఉంది. డాక్టర్ ఉమాకాంతం గారు అక్కడ పెద్ద. తెల్లటి గడ్డం, నెమ్మదైన మాట. ఆ మాట చూసి వరహాలు ఇంకా భయపడింది. నెమ్మదిగా మాట్లాడే డాక్టర్లు చెడ్డ కబురే చెప్తారని ఆమె అనుభవం.

"పాత కథల్లో యోగులు చచ్చిపోయిన రాజు ఒంట్లో దూరేవాళ్ళు, విన్నారా అమ్మగారూ? ఇదీ అటువంటిదే. కాకపోతే ఒంట్లోకి కాదు, బతుకులోకి. అందుకే మావాళ్ళు దీన్ని పరకాయం అంటారు." ఆయన పెట్టె మూత మీద చెయ్యి వేశాడు. "చచ్చిపోయిన మనిషి గురించి మిగిలిన ప్రతి రాతా దీనికి పెడతాం. ఉత్తరాలు, వైద్యుల మాటలు, ఏ రోజు ఎక్కడున్నాడు, ఏం తిన్నాడు. అవన్నీ కలిపి ఇది ఆ బతుకును మళ్ళీ అల్లుతుంది. పడుకున్నవాళ్ళకి రోజుకి ఒక ఏడాది గడుస్తుంది."

"ఎవురు బాబూ ఆ రాజు?"

"ఫ్రాన్సు దేశం. ఆరవ చార్లెస్ అని, ఆరువందల ఏళ్ళు దాటింది. పదకొండో ఏట కిరీటం పెట్టారు. చిన్నవాడు కదా, పెత్తనం బాబాయిలూ మేనమామా చేశారు. ఇరవయ్యో ఏడు వస్తుండగా పగ్గాలు తన చేతిలోకి తీసుకున్నాడు. జనం ప్రేమగా చూసుకున్నారు. అంతలో పిచ్చి పట్టింది. రావడం, తగ్గడం, మళ్ళీ రావడం. అలా ముప్ఫై ఏళ్ళు. పట్టిన రోజూ తగ్గిన రోజూ ఆనాటివాళ్ళు రాసిపెట్టారు. అంత పాత రోగి గురించి అంత వివరం మాకెక్కడా దొరకలేదు. పిచ్చి లోపలినుంచి ఎలా ఉంటుందో తెలిస్తే, ఇవాళ్టి రోగుల్ని బాగుచెయ్యొచ్చు."

మిగిలినదేదీ వరహాలు చెవికి ఎక్కలేదు. "తల్లి?" అంది.

"ఎవరి తల్లి?"

"ఆ రాజుగారి తల్లి."

ఉమాకాంతం గారు "ఆయన తొమ్మిదో ఏటే పోయిందమ్మా," అన్నారు.

"అదే మరి! ఎండలో తిరక్కు నాయినా అని చెప్పే మనిషి లేకపోయాక పిచ్చి పట్టదేటి?"

తవిటి తల్లి భుజం మీద చెయ్యి వేసి, "ఆ మాట మా కాగితాల్లో కూడా రాయించవచ్చు సార్," అంది నవ్వుతూ. తనకంటే ముందు నలుగురు ఇదే రాజు బతుకు బతికి లేచి వచ్చారనీ, లేవగానే టీ అడిగారనీ చెప్పింది. తర్వాత పెట్టెలో పడుకుంది. మూత పడింది. గాజు కిటికీలోంచి మొహం ఒక్కటే కనిపించింది.

*

కొట్టుకి సెలవు సోమవారం. ఆరు సోమవారాలు వరహాలు బస్సెక్కి ఆ కొండకి వెళ్ళింది. గ్రేసమ్మ అని ఒక నర్సు స్టూలు వేసేది. వరహాలు ఆ స్టూలు మీద కూర్చుని కిటికీలోంచి కూతురి పెదాలు చూసేది, ఊపిరికి కదులుతున్నాయా అని.

రెండో సోమవారం, అది పన్నెండో రోజు, తవిటి కుడిచెయ్యి గుప్పిట బిగుసుకుంది. గ్రేసమ్మ పరుగెత్తి డాక్టరుగారిని పిలిచింది.

"ఇవాళ అడవి," అన్నారాయన పెట్టె పక్కనున్న తెర చూస్తూ. "రాజుకి ఇరవై మూడేళ్ళు. శ్రావణంలాంటి నెలే గానీ నిప్పులు చెరిగే ఎండ, ఒంటి నిండా మందపాటి బట్టలు. ఒక బక్క మనిషి గుర్రం కళ్ళెం పట్టుకుని, ముందుకెళ్ళకు రాజా, నిన్ను మోసం చేశారు అని అరిచాడు. కాసేపటికి వెనకాల నౌకరు చేతిలోని బల్లెం జారి ఇనప టోపీ మీద ఠంగుమని పడింది. అంతే. రాజు కత్తి దూసి సొంతవాళ్ళనే నరికాడు."

వరహాలు కూతురి గుప్పిట కేసి చూసింది. కోడి మెడ కొయ్యడం చూడలేక వంటింట్లోంచి పారిపోయే పిల్ల. "ఎండన పడి తిరక్కు అని సెప్పీవోళ్ళు లేరని నాను ముందే అన్నాను," అంది. 

ఆ మర్నాడు రాజభవనంలో వేషాల ఆటలో మంట అంటుకుంది. రాజుతో పాటు వేషాలేసిన వాళ్ళు తగలబడిపోతుంటే, వరసకు పిన్నమ్మ అయిన ఒక చిన్న వయసు రాణి తన పావడా కప్పి రాజుని కాపాడింది. ఆ సంగతి ఫోనులో విని వరహాలు కొట్లోనే దణ్ణం పెట్టుకుంది. ఎవరో తల్లి. చల్లగా ఉండాలి.

ఇరవయ్యో రోజు దాటాక తవిటి చేతులు ఒంటికి అతుక్కుపోయాయి. రాజు తన పేరు మర్చిపోయాడన్నారు ఉమాకాంతం గారు. నేను చార్లెస్‌ని కాను, జార్జిని అంటాడట. భార్య ఎదురొస్తే ఈవిడెవరు అంటాడట. తన ఒళ్ళు గాజుతో చేసిందని, ఎవరైనా తగిలితే పగిలిపోతానని నమ్మి బట్టల్లో ఇనప కడ్డీలు కుట్టించుకున్నాడని కూడా ఒక రాతలో ఉందట.

"గాజా?" అంది వరహాలు.

"గాజే."

 అన్నీ అడిగే మనిషి అడక్కపోయేసరికి గ్రేసమ్మే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

*

నలభై మూడో రోజు మూత తీశారు. తవిటి కళ్ళు తెరిచింది. టీ అడగలేదు. ఏమీ అడగలేదు. తల్లి "తవిటీ" అని చెయ్యి చాస్తే, నిండుకుండ మోస్తున్న మనిషిలా ఒళ్ళు బిగబట్టి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పక్కకి జరిగింది.

పేరు పెట్టి పిలిచినా పలకదు. ముట్టుకోనివ్వదు. దుప్పటి చుట్టుకుని గోడ మూల కూర్చుంటుంది. వరహాలుకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గాజుని ఎలా కూర్చోబెడతారో ఆమెకి తెలుసు.

ఆ సాయంత్రమే ఊరెళ్ళి, గాజుల పెట్టెల్లోంచి ఎండుగడ్డంతా దులిపి, చాలక రెండు మోపుల వరిగడ్డి కూడా కట్టించి, మర్నాడు ఆటోలో వేసుకుని కొండెక్కింది.

"ఏటమ్మా ఇది? ఆస్పత్రా, గొడ్లసాలా?" అంది గ్రేసమ్మ.

"నీకు తెలీదు గ్రేసమ్మా. గాజుకి గడ్డే అమ్మ."

మంచం చుట్టూ గడ్డి కుక్కింది. తలగడ పక్కనా, కాళ్ళ దగ్గరా, నడుం కిందా. తవిటి ఆ గడ్డిలోకి ఒదిగి మొదటిసారి కళ్ళు మూసుకుని పడుకుంది. వరహాలు డాక్టర్లందరికేసి గర్వంగా చూసింది.

రెండో రోజు తవిటి తల తిప్పడం మానేసింది. నాలుగో రోజు ముద్ద మింగడం మానేసింది. మింగితే మెడ పగులుతుందన్నట్టు చూసింది. గొట్టంతో పాలు పట్టారు. వరహాలు ఇంకొంచెం గడ్డి కుక్కింది.

పదో రోజున ఉమాకాంతం గారు ఆమెను తన గదికి పిలిచి, సంతకం పెట్టాల్సిన కాగితం ముందు పెట్టారు. నెమ్మదిగా మాట్లాడారు.

"పెట్టెలో బతికిన ఆ బతుకు జ్ఞాపకాల్ని చెరిపెయ్యాలమ్మా. ఎల్లుండి దాటితే ఒంట్లో ఓపిక ఉండదు. చెరిపితే రాజు పోతాడు. కానీ ఆ భయం ఎక్కడ వేళ్ళు దిగిందో ఆ చోటు కూడా పోతుంది."

"ఎక్కడ దిగింది?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ దగ్గర. మీతో గడిపిన చిన్నతనంలో."

వరహాలుకి అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పింది. అప్పుడాయన, సందర్శకులకి పెట్టే చిన్న టోపీ ఒకటి తెచ్చి, "ఒక్క నిమిషం. మీ అమ్మాయి చూసినదాంట్లోంచి ఒక్క నిమిషమే," అని ఆమె తలకి పెట్టారు.

వరహాలు కళ్ళు మూసుకుంది. రాతిగోడల గది. చలి. ఒంటికి ఇనప కడ్డీలు గుచ్చుకుంటున్నాయి. ఎదురుగా ఒక మనిషి, మంచి మనిషే, పళ్ళెంలో ఏదో తెస్తున్నాడు. ఒక్కో అడుగూ దగ్గరకొస్తోంది. తగులుతాడు. తగులుతాడు. ఇప్పుడు. గుండె గొంతులోకి వచ్చింది, అరచేతులు చల్లబడ్డాయి...

టోపీ తీసేశారు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"ఇది నాకు తెలుసు," అంది. "మా తవిటి గుంట రోడ్డు దాటీటప్పుడు, జొరమొచ్చినప్పుడు, బడి నించి పావుగంట ఆలీసమైనప్పుడు... ఇది ఆ రాజుది కాదు బాబూ. ఇది నాది."

"అవును," అన్నారు ఉమాకాంతం గారు. "రాజు భయపడ్డాడని రాతలో ఉంది. ఆ భయం ఎలా ఉంటుందో పెట్టెకి తెలీదు. అది పడుకున్న మనిషి లోపల వెతికి తెచ్చుకుంటుంది. మొదటి నలుగురికి కత్తి గుర్తుంది, మంట గుర్తుంది. గాజు గుర్తులేదు. అది నాటుకునే చోటు వాళ్ళలో లేదు. ఈ అమ్మాయిలో సిద్ధంగా ఉంది. ముందే చూసుకోవలసింది. తప్పు నాదమ్మా, మీది కాదు."

"చెరిపితే నన్ను మరిచిపోతాదా?"

"ఎవరో పెద్దావిడ అనుకుంటుంది. కానీ తింటుంది. తిరుగుతుంది. నవ్వుతుంది."

వరహాలు కలం అందుకుంది.  పిల్ల బతుకుతుందంటే తనని మర్చిపోవడం ఏపాటిది! గుమ్మంలో నిలబడిన అప్పలసూరి ఆ కలం మీద చెయ్యి వేశాడు.

"ఎల్లుండి దాకా ఉంది కదేటి. అప్పుడు పెడుదువు."

"మరి ఈలోగా ఏటి సెయ్యమంటావు?"

ఆయన ఎప్పటిలా నవ్వలేదు. "ఎక్కించినోళ్ళకే కదే తియ్యడం తెలిసేది. ఎవుల చేతికి ఏ గాజు బిగిసిపోయినా నీ దగ్గరికే కదా వస్తారు."

*

మర్నాడు మధ్యాహ్నం. వరండాలోంచి సముద్రపు వెలుగు గదిలోకి పడుతోంది. వరహాలు కొంగు బిగించి, మంచం చుట్టూ తను కుక్కిన గడ్డిని చేతులతో తీసి మూల పడెయ్యడం మొదలుపెట్టింది. తవిటి కళ్ళు మాత్రం కదిలాయి, ఒక్కో చేరెడు గడ్డి వెంటా. తీస్తూనే వరహాలు పైకి మాట్లాడింది.

"నానొక మాట సెప్పాలి. నీకు ఎనిమిదేళ్ళు. కొట్టు వెనకాల కిరసనాయిలు బుడ్డి ముందు కూచుని గాజు ముక్కల్తో గొలుసు చేసుకుంటున్నావు. కొసలు కాల్చి వంచి, ఒకదాంట్లో ఒకటి. గాజుల కొట్టు పిల్లలందరూ చేసేదే. నాను సిన్నప్పుడు చేసిందే. చెయ్యి కాలతాదే, కోసుకుంటాదే అని లాక్కుని మురిక్కాలవలో పారేశాను. మూరెడు గొలుసు. నువ్వు ఏడవలేదు. అప్పుడే నాకు తెలవాల్సింది."

గ్రేసమ్మ తెచ్చిచ్చిన స్పిరిట్ దీపం స్టూలు మీద పెట్టి వెలిగించింది. సంచీలోంచి డజను ఆకుపచ్చ గాజులు తీసింది. ఒకటి చేతిలోకి తీసుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క గాజు చిట్లని చెయ్యి.

మంచం ఇనప కోడుకేసి కొట్టింది.

టంగుమంది. ముక్కలు గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి. తవిటి కళ్ళు గట్టిగా మూసుకుంది. వరహాలూ మూసుకుంది. గదిలో ఏమీ అవలేదు. సముద్రం చప్పుడు అలాగే వినిపిస్తోంది.

వంగి, ఒక ముక్క ఏరి, చిన్న పట్టకారుతో మంటలో పెట్టింది. ఆకుపచ్చ కొస ఎర్రబడింది. కాస్త నొక్కితే ఒదిగి వంగింది.

"సూశావా. పగిలింది కూడా వంగుతాది. నాను పగలడం కాడే ఆగిపోయినాను, బతుకంతా."

రెండో ముక్క సరిగ్గా రాలేదు. మూడోది తగిలించబోతే వేలు కాలింది. చురుక్కుమంది. అయ్యో అనకుండా వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ పట్టకారు పట్టింది. తలెత్తి చూస్తే తవిటి కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తల్లి వేలికేసి చూస్తున్నాయి.

వరహాలు చూడనట్టే ఉండి, ముక్క కాలుస్తూ సణిగింది. "నాన్నని అడిగితే నవ్వుతాడు. డాక్టరుగారు చెప్పడు. ఆ బస్సు కాణ్ణించీ అడుగుతున్నాను, యాభై రోజులు దాటింది, ఒక్కరు చెప్పరు. ఆ పెట్టెలో గాలి ఆడిందో లేదో."

దీపం సన్నగా సుయ్‌మంటోంది. దుప్పటి కదిలింది. లోపలినుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, పాలిపోయి, పది రోజులుగా ఎవరూ ముట్టుకోని చెయ్యి. అది గాల్లో ఆగింది. మంటకేసి వచ్చింది. జాగర్తే అన్న మాట వరహాలు నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళతో నాలిక కరుచుకుంది. ఉప్పగా తగిలింది. ఆ చెయ్యి ఆమె వేళ్ళకి తగిలింది, పట్టకారు తీసుకుంది, ముక్కని మంటలో పక్కకి తిప్పింది. కొస ఎర్రబడేదాకా ఉంచింది. వంచింది. మూడో లంకె రెండోదాంట్లో పడింది.

వరహాలు తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆడిందమ్మా," అంది తవిటి, తుప్పు పట్టిన గొంతుతో. "గాలి బాగానే ఆడింది. నువ్వు నడిమధ్యన కాలుస్తున్నావు. కొస కాల్చాలి."